కేకేసే కణాలు

కొండపల్లి బస్సులో పక్క సీటాయన ఆసుపత్రి కాగితం చూస్తూ దిగులుగా కూర్చున్నాడు.

"మార్కులు తగ్గాయాండీ? నేనూ ఏడో తరగతి తప్పినోణ్ణే," అన్నాను, నవ్విద్దామని.

"నూట ఎనభై వచ్చాయండీ, ఐదొందలు దాటాలి," నవ్వాడు. "రోగమొస్తే కేకేసి ఒంట్లో సైన్యాన్ని లేపే కణాల లెక్క ఇది. హెచ్ఐవీ ఆ కేకేసేవాళ్ళనే చంపుద్ది. ఇక సైన్యం ఉన్నా లేనట్టే."

వెనక సీటువాడు అది విని, ఆయన మూతి పగిలేలా గుద్ది, కదిలే బస్సులోంచి తోసెయ్యడానికి గుమ్మందాకా ఈడ్చాడు. బస్సు నిండా జనం. ఒక్కరూ నోరెత్తలేదు.

వాగుడుకాయని కదా, నేను కేకేశాను. మరో గుద్దుకి నా పన్ను ఊడింది. అప్పుడు లేచారందరూ. వాణ్ణి తన్ని దింపేశారు.

నా నోరు తుడవబోయి ఆయన ఆగాడు. తన నెత్తురంటిన చేతిని వెనక్కి దాచుకుని, రెండో చేత్తో ఉతికిన రుమాలు ఇచ్చాడు.

పన్ను కట్టించుకోమని మా ఆవిడ ఇప్పటికీ పోరుతుంది. ఎందుకో బుద్ధి పుట్టదు.