ఐవీ ఆంటీ ఎక్కని బండి లేదు

మా వారంబిల్లా ఊళ్ళో ఐవీ హాలోరన్ ఎక్కని పికప్ లేదు. ఎక్కి తిట్టని పికప్ అంతకన్నా లేదు.

ఆవిడకి సొంత బండి లేదు. ఎవరైనా దాణాకో, కంచె తీగకో బయల్దేరుతున్నారని చెవిన పడితే చాలు, టోపీ పెట్టుకుని, ఎనామిల్ మగ్గు నిండా టీ పోసుకుని తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యేది. "నేనూ రానా?" అని అడిగేది కాదు. "జరుగు" అనేది. సీట్లో కూర్చుని మగ్గుని ఒళ్ళో పెట్టుకునేది గానీ ఒక్క గుక్కయినా తాగేది కాదు. మా మట్టి రోడ్డు ముడతల రేకు పరిచినట్టుంటుంది. దిగాక ఆవిడ తన గౌను చూసుకునేది. గౌను ఎంత తడిస్తే తిట్లు అన్ని.

ఆ తిట్లు అక్కడితో అయిపోతే బాగుండేది. శుక్రవారం సాయంత్రం పబ్బులో అందరి ముందూ మళ్ళీ మొదలు. మా ఊరి మగాళ్ళు పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోతారు గానీ తమ పికప్ ఎంత బరువు లాగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. శుక్రవారం వాళ్ళకి పండగ. ఎవడి బండి నమ్మకమైనది, ఎవడి సీటు మెత్తన అని గొంతులు చించుకునేవాళ్ళు.

"నా బండి కొన్నప్పట్నించీ ఒక్క బోల్టు కూడా మార్చలేదు, తెలుసా?" అనేవాడొకడు.

"మార్చాల్సిన బోల్టులు మార్చకపోవడం కూడా గొప్పేనా నాయనా?" అనేది ఐవీ ఆంటీ మూలనుంచి.

ఊరికి ఒక్కటే అయిన పెట్రోలు బంకు నాది. నా మీద కూడా దయ చూపలేదు. "డెస్, నీ సీటు చేసినవాడికి మనిషి వెన్ను ఎటు వంగుతుందో తెలీదు. పైగా నాలుగు చినుకులు పడితే నీ బండికి జలుబు చేస్తుంది. పెట్రోలు అమ్ముకునేవాడివి, స్టార్టయ్యే బండి కొనుక్కోలేవూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం, మర్నాడు వానొచ్చింది, బండి స్టార్టవలేదు.

ఆవిడకి ఇంకో పిచ్చి ఉండేది. పికప్ వెనక తొట్టిలోకి ఎక్కి వెల్లకిలా పడుకునేది. డెబ్భై దాటిన మనిషి, పబ్బు ముందు, అందరూ చూస్తుండగా! టోపీ మొహం మీద పెట్టుకుని కాసేపు అలాగే ఉండి, లేచి, "ఊఁహూఁ" అని తల అడ్డంగా ఊపేది. ఆవిడకి ఎండదెబ్బ తగిలిందని మేం ఎప్పుడో తీర్మానించుకున్నాం.

ఇలా ఉండగా రోలాండ్ పెంబర్టన్ కొత్త బండి కొన్నాడు. రోలాండ్‌కి మా చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ పశువులున్నాయి, వాటన్నిటికన్నా పొడవాటి నాలుకుంది. బండి నల్లగా నిగనిగలాడుతోంది. నాలుగు తలుపులు, తోలు సీట్లు, లోపల చిన్న ఫ్రిజ్. సీటు వెచ్చబెట్టే మీట కూడా ఉంది. నీడలో నిలబడ్డా గుడ్డు ఉడికే మా ఊళ్ళో ఆ మీటతో ఏం పనో రోలాండ్‌కీ తెలీదు గానీ, అందరికీ నొక్కి చూపించాడు.

"రండి ఆంటీ, ఎక్కండి" అన్నాడు రాజుగారిలా తలుపు తీసి. "మీ టీ చుక్క ఒలికితే నా పేరు మార్చుకుంటా."

ఓ చుట్టు తిరిగొచ్చేసరికి టీ సగం గౌను మీద, సగం తోలు సీటు మీద ఉంది.

"సోఫా బాగుంది రోలాండ్" అంది ఆంటీ దిగుతూ. "కానీ సోఫాని గుర్రానికి కట్టి తరిమినట్టుంది. పేరేం పెట్టుకుంటావో ఆలోచించుకో."

తర్వాత తొట్టిలోకి ఎక్కి పడుకుంది. మోకాళ్ళు ముడుచుకుంటే గానీ పట్టలేదు.

"ఇంత పొట్టిదేమిటోయ్?"

"అది పడుకోడానికి కాదు ఆంటీ!" రోలాండ్ మొహం కందగడ్డయింది. "ఆ బండి పడవ లాగడానికి!"

"పడవా? మనకి సముద్రం ఎటు వైపు?"

పబ్బంతా గొల్లుమంది. నవ్వనిది క్లెమ్ డాగెట్ ఒక్కడే. క్లెమ్ కంచెలు బాగుచేసే మనిషి, నోట్లోంచి మాట రావడం కష్టం. అతని ముసలి పికప్‌కి ఒక తలుపు తెలుపు, ఇంకోటి ఆకుపచ్చ, కిటికీ అద్దం జారిపోకుండా చెక్కముక్క. దాన్ని ఆంటీ తిట్టినంతగా దేన్నీ తిట్టలేదు. వారం తప్పకుండా ఎక్కేది, వారం తప్పకుండా తిట్టేది. మేమూ ఆవిడతో గొంతు కలిపేవాళ్ళం. తిట్టడానికి సొంత బండికన్నా హీనమైనది ఒకటి దొరికితే ఎంత హాయి!

మా వైపు వానాకాలం వచ్చేది ఫిబ్రవరిలో. ఆ ఏడూ వానలు పట్టాయి. ఆదివారం గుర్రప్పందాల మైదానంలో షెడ్డు కప్పు కారుతోందని కొంతమందిమి వెళ్ళాం. నిచ్చెన తెస్తానన్నాను. "నిచ్చెనెందుకు? నా బండి ఉండగా!" అని రోలాండ్ తన పికప్‌ని షెడ్డు పక్కకి తెచ్చి దాని నెత్తికెక్కాడు. "చూడండి, ఎంత గట్టి రేకో!" అని కాలితో ఒక్కటి తన్నాడు. రేకు గట్టిదే. కానీ తడిసి ఉంది.

కింద పడ్డవాడు లేవలేదు. మొహం పాలిపోయింది. "నడుం... కాళ్ళు తిమ్మిరి" అన్నాడు.

నర్సు మొయిరా పరిగెత్తుకొచ్చింది. కదపొద్దని కేకేసి, మెడకి పట్టీ వేసి, బల్లకి కట్టి, ఫోను చేసింది. ఆపదొస్తే డాక్టర్లు వచ్చే విమానం దిగే చోటు బురదగుంట అయిపోయింది. అంబులెన్సు తారురోడ్డు చివరిదాకా వస్తుంది. అక్కడిదాకా మట్టిరోడ్డు మీద మేమే చేర్చాలి. "మెల్లగా వెళ్ళినా పర్లేదు. కుదుపు మాత్రం తగలకూడదు. తగిలితే మళ్ళీ నడుస్తాడని నేను చెప్పలేను" అంది మొయిరా.

అప్పుడు మా మగాళ్ళు ఏం చేశారో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పోట్లాడుకున్నారు.

"నాది తీసుకెళ్దాం, నా స్ప్రింగులు మొన్ననే మార్చా!"

"నీదా? గేటు దాటకముందే ఆగుతుంది. నాది!"

"నోళ్ళు ముయ్యండి!" అని వినబడింది. ఐవీ ఆంటీ. "క్లెమ్, నీ బండి తే."

అందరం నోరు తెరిచాం. నేల మీదున్న రోలాండ్ కూడా. "నా... నా బండిలో..." అన్నాడు.

"నీ బండిలో నువ్వు పట్టవు నాయనా. పట్టాలంటే మోకాళ్ళ దగ్గర కొయ్యాలి" అని ఆంటీ నావైపు తిరిగింది. "డెస్, నీ షెడ్డులో దాణా బస్తాలున్నాయిగా, తెచ్చి క్లెమ్ తొట్టిలో అడుగున పరిచెయ్. ఖాళీగా వెళ్తే ఆ కమాన్ కట్టల స్ప్రింగులు గాడిదల్లా తంతాయి. బరువుంటే ఊయలే. పైన పబ్బులోంచి పరుపు. టైర్లలో గాలి కాస్త తగ్గించండి. ఇంకా నిలబడ్డారేం?"

మేం మారు మాట్లాడకుండా కదిలాం. రోలాండ్‌ని బల్లతో సహా ఎక్కిస్తే తొట్టిలో నిండుగా, కాళ్ళు తిన్నగా చాపుకుని పట్టాడు. పైన టార్పాలిను కట్టాం. ఒక పక్క మొయిరా, రెండో పక్క ఐవీ ఆంటీ ఎక్కారు.

"డెస్, మగ్గు నింపు."

"ఇప్పుడు టీ ఏమిటి ఆంటీ?"

"అంచుదాకా పొయ్యవోయ్!"

దారి పొడుగునా ఆవిడ ఆ మగ్గునే చూస్తూ కూర్చుంది. టీ అంచు దాటబోతే చాలు, క్యాబిన్ మీద గుద్దేది. క్లెమ్ నెమ్మదించేవాడు. టీ సర్దుకునేది. ఇంకో రెండు గుద్దులు గుద్దితే కదిలేవాడు. ఎవరైనా బురదలో దిగబడితే పనికొస్తాయని నేను తాడూ పారా వేసుకుని వెనకాల రోలాండ్ బండి తోలుకొస్తున్నాను. మొదటి వాగు దాటగానే స్టీరింగు ముందున్న హెచ్చరిక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఇంజిను నడుస్తోంది, బండి మాత్రం కదలనని అలిగింది. సీటు వెచ్చబడటం, ఫ్రిజ్ చల్లబడటం తప్ప ఇంకేమీ పనిచెయ్యలేదు. తిరిగొచ్చేటప్పుడు క్లెమ్ నన్ను ఎక్కించుకునేదాకా చల్లటి ఫ్రిజ్‌ పక్కన, వెచ్చటి సీట్లో కూర్చున్నాను.

వచ్చేటప్పుడు ముగ్గురం ముందు సీట్లో ఇరుక్కున్నాం. రోలాండ్‌ని అంబులెన్సు ఎక్కించారట, మొయిరా తోడు వెళ్ళిందట, అతను కాలివేళ్ళు కదుపుతున్నాడట. ఐవీ ఆంటీ గౌను ఎండుగడ్డిలా పొడిగా ఉంది.

"అయితే ఇన్నేళ్ళూ మా బండ్లన్నీ ఎక్కింది ఇందుకా?" అన్నాను.

ఆవిడ మగ్గుని ఒళ్ళో సర్దుకుంది. "మా ఆయన ఆల్ఫ్ తుంటి విరిగినప్పుడు కళ్ళముందు ఏ బండి ఉంటే అందులో పడేశాం. దారంతా అరుస్తూనే ఉన్నాడు. తర్వాత చాన్నాళ్ళు బతికాడులే. బతికినన్నాళ్ళూ ఆ ప్రయాణం గురించి నన్ను సాధించాడు. ఇంకో ఆడదానికి ఆ బాధ ఎందుకని."

క్లెమ్ గొంతు సవరించుకున్నాడు. ఆ నెలకి అదే అతని మొదటి మాట. "మరి నా బండి మంచిదని తెలిసీ వారం వారం తిట్టారేం ఆంటీ?"

"మెచ్చుకుంటే కొత్తది కొనేవాడివి" అంది ఆవిడ.

రోలాండ్ నడిచాడు. మొదట చేతికర్రలతో, తర్వాత నడుం బెల్టుతో. డాక్టర్లు కొన్ని నెలలు బండి తోలొద్దన్నారు. వైద్యానికి పట్నం తీసుకెళ్ళడానికి ఎవరి వంతు ఎప్పుడో ఐవీ ఆంటీయే తేల్చింది, ఎవరూ ఎదురు చెప్పలేదు. మొదటి వంతు నాదే పడింది. వాన లేదు గనక బండి స్టార్టయింది. ఆంటీ మధ్యలో కూర్చుంది, రోలాండ్ కిటికీ పక్కన.

వాగు దాటాక రోలాండ్ అటూ ఇటూ సర్దుకుని, నావైపు చూడకుండా, "డెస్, నీ సీటు నిజంగా మెత్తగా ఉందోయ్" అన్నాడు. జీవితంలో ఇంకొకడి బండిని అతను మెచ్చుకోవడం అదే మొదలు. నాకు ఛాతీ ఉప్పొంగింది.

"పొంగిపోకు" అంది ఐవీ ఆంటీ. "పొద్దున్న నొప్పి మాత్రలు రెండేసుకున్నాడు."