పగ పట్టింది పాము కాదు

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, మొన్న సోమవారం మధ్యాహ్నం పాడేరు ఆసుపత్రిలో పోయారు. కట్లపాము కరిచింది. నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషిని నిద్రలోనే కరిచింది. దాని కాటు చాలామందికి తెలియను కూడా తెలియదట. పొద్దున్నే కడుపునొప్పి అంటూ లేచి ఇంత వాము నమిలారు. రెప్పలు వాలిపోవడం మొదలయ్యాక గానీ అది పాముకాటని మాకు తట్టలేదు. వానలో జీపు దొరికి పాడేరు చేరేసరికి ఊపిరి అందడం లేదు. మందు ఎక్కించారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ ఆలస్యం చేసింది మేమే.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట, పాము పగ అని. "గిరినాగుని ముక్కలు సేసినాడు గదా, అది ఊరకే ఇడిసిపెడతాదేటి?" అని నా ఎదురుగానే అన్నారు. నేను నలుగురిలో నోరెత్తే మనిషిని కాదు. నా చదువు కూడా ఏడో తరగతితో ఆగిపోయింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. గిరినాగంటే రాచనాగు. ఆయన్ని కరిచింది అది కాదు. పాముకి పగ ఉండదు. పగ ఉన్నది మా బావగారికి.

మావైపు తమ్ముడి భార్య బావగారితో మాట్లాడకూడదు. ఆయన్ని తాకకూడదు. నేను లంబసింగి దగ్గర్నుంచి కోడలిగా వచ్చిన రోజు నుంచి ఆయన చనిపోయేదాకా మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు. ఒక్కసారి తప్ప. అది తర్వాత చెబుతాను. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడకుండా ఎలా అంటే, దానికో దారి ఉంది. గోడకో, రోటికో, కోడికో చెప్పుకుంటాం. వినవలసినవాళ్ళు వింటారు.

"కోడీ, అన్నం ఉడికింది. కాళ్ళు కడుక్కోమను" అనేదాన్ని.

"కోడీ, కూరలో ఉప్పెక్కువైనాదని సెప్పు. ఉప్పు డబ్బా మొత్తం ఒంపీసిందేటి ఆ గుంట?" అనేవారు ఆయన.

ఒకసారి మా ఆయన ఆ కోడిని పెదబయలు సంతలో అమ్మేశాడు. రెండు మూడు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. గోడతో మాట్లాడటం బావగారికి నచ్చలేదేమో, తర్వాతి సంతకి తానే వెళ్ళి ఒక పెట్టని చంకలో పెట్టుకొచ్చారు. గుమ్మంలో దింపి, "కోడీ, బేగి అన్నం ఎట్టమను, ఆకలేత్తంది" అన్నారు. ఆ రోజు నేను వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇంత మెత్తటి మనిషి చేతిలో కర్ర ఉంటే వేరే మనిషి. ఆయన భార్యని నేను చూడలేదు. నేను రాకముందే పోయింది. ఆమెనీ కట్లపామే కరిచింది. ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు. ఆయన లేచారు, ఆమె లేవలేదు. ఆ రోజు నుంచి పాము అన్న దాన్ని దేన్నీ ఆయన వదల్లేదు. చివర ఇనపకట్టు వేసిన కర్ర ఒకటి ఎప్పుడూ పక్కన ఉండేది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పాము కనబడినా ఆయన కోసమే వచ్చేవారు. "ముందు కొట్టు, తరవాత పేరడుగు" అనేవారు. చంపి ఊరుకునేవారు కాదు. చచ్చిన దాన్ని కూడా నేలకి అంటుకుపోయేదాకా కొట్టి, మిగిలిన తోలు కాఫీ గింజలు ఎండేసే కళ్ళం చుట్టూ కంచె మీద ఆరేసేవారు. నా పెళ్ళయిన కొత్తలో వడ్ల గాదె వెనక జెర్రిపోతు కనబడింది. అది ఎలుకల కోసం వచ్చింది. ఆయన కొట్టిన దెబ్బకి తల చితికి, ఆ రక్తం నా చీర మీదా మొహం మీదా పడింది. ఆయన ఊపిరి తీసుకుని, "కోడీ, ఆ గుంటని మొహం కడుక్కోమను" అన్నారు. అని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు.

కిందటేడు పాముల మేడమ్ వచ్చింది. ఊరంతా ఆమెని అలాగే పిలుస్తారు. యూనివర్సిటీలో గిరినాగుల మీద పరిశోధన చేస్తోంది. మా అరుగు మీద కూర్చుని, ఎక్కడైనా కుబుసం దొరికితే ఇవ్వమని అడిగింది. చిన్న ముక్క చాలట, అందులోంచి ఆ పాము వంశం చెప్పొచ్చట. ఇన్నాళ్ళూ గిరినాగు ఒకటే అనుకున్నారనీ, ఈమధ్యనే అది నాలుగు రకాలని తేల్చారనీ చెప్పింది.

"ఒక కొండవాళ్ళ మాట ఇంకో కొండవాళ్ళకి మెల్లమెల్లగా మారిపోతుంది కదా. అలాగే ఇవీ ఎన్నో వేల ఏళ్ళు దూరదూరంగా ఉండిపోయి వేరైపోయాయి" అంది.

బావగారు కర్రకి నూనె రాస్తూ విన్నారు. "నాలుగు రకాలైతే నాకేటమ్మా? కర్రొకటే గదా" అన్నారు. అరుగు మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది గానీ వదల్లేదు.

"గిరినాగు తినేది పాముల్నే. కట్లపాముల్ని కూడా తింటుంది. అది కరిస్తే మన దగ్గరున్న మందు సరిగ్గా పనిచేయదు, నిజమే. కానీ దాని కాటుకి పోయినవాళ్ళు చాలా తక్కువ. మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

ఎవరికీ గుర్తు రాలేదు. బావగారు, "కత సెప్తంది" అని లేచి వెళ్ళిపోయారు.

ఈ ఎండాకాలం మా కాఫీ తోటలో, వెదురు పొద పక్కన, గిరినాగు గూడు పెట్టింది. చీపురుతో ఊడ్చి పోసినట్టు వెదురాకులు మోకాలెత్తు కుప్ప. పాముల్లో ఇలా గూడు కట్టేది ఇదొక్కటేనట. తన ఒంటితోనే ఆకులు లాగి పోగేస్తుందట. అప్పటికి అదేదీ నాకు తెలియదు. నేను అంబలి పట్టుకుని వెళ్ళేసరికి బావగారు దాని ఎదురుగా నిలబడి ఉన్నారు.

ఆ పాము నడుమెత్తు లేచింది. బుస కాదు, కుక్క గుర్రుమన్నట్టు చేసింది. వెనక అంతా ఖాళీయే. పారిపోవచ్చు. పారిపోలేదు. మొదటి దెబ్బ మెడ మీద పడింది. పడిపోయి మళ్ళీ లేచి కర్రని కరిచింది. ఇనపకట్టు మీద దాని కోరలు గీసిన చప్పుడు నాకు వినిపించింది. తర్వాత ఎన్ని దెబ్బలు పడ్డాయో తెలియదు. కాఫీ ఆకుల మీద నెత్తురు చారలు కట్టింది. నడుం విరిగిపోయాక కూడా అది కుప్పవైపే పాకింది. దాని తల ఆకుల మీద ఉండగా ఆఖరి దెబ్బ కొట్టారు.

తర్వాత గూడు మీదికి కర్ర ఎత్తారు. నాకేమైందో తెలియదు. నోరు తెరిచాను. ఆయనతో మాట్లాడకూడదు. దగ్గర్లో కోడి లేదు, గోడ లేదు. ఉన్నది చచ్చిన పాము ఒక్కటే.

"పామూ" అన్నాను. "నువ్వు కట్లపాముల్ని తింటావట కదా. మా అక్కని సంపింది అదే కదా. నువ్వుంటే అవి తగ్గేవేమో కదా."

కర్ర గాల్లోనే ఆగింది. ఆయన నావైపు చూడలేదు. పామునే చూస్తూ, "ఇన్నాళ్ళూ ఈ మాట ఏల సెప్పలేదే నువ్వు?" అన్నారు. అని, "అయితే సూద్దాం" అంటూ మొల్లోంచి కత్తి తీసి గొంతు దగ్గర్నుంచి తోక దాకా చీల్చారు. పేగులు బయటికి లాగారు. మోచేతుల దాకా ఎరుపు. లోపల ఏమీ లేదు. కట్లపాము లేదు, ఎలుక లేదు.

"ఏదే? ఏదీ నీ కట్లపాము?" అని పకపకా నవ్వారు. "అబద్ధాలకోరు పామూ! ఆ మేడమ్ని రమ్మను. దీని కడుపు సూపిత్తాను. ఆమె కళ్ళెదురుగానే గుడ్లు పగలగొడతాను."

మా ఆయన ఫోన్ చేస్తే మేడమ్ మర్నాడు పొద్దున్నే వచ్చింది. పాము పక్కన కూర్చుంది. చీమలు పట్టిన ఆ ఖాళీ కడుపుని చేత్తో తెరిచి చూసింది. బావగారు చేతులు కట్టుకుని నిలబడి, "ఏటమ్మా, కనబడిందా కట్లపాము?" అన్నారు.

"గుడ్లు పెట్టాక తల్లి గూడు వదలదు" అంది మేడమ్. "తిండికి కూడా పోదు. వారాల తరబడి పస్తుంటుంది. అందుకే ఏమీ లేదు. మీరు చంపింది ఆకలితో కాపలా కాస్తున్న దాన్ని. ఇప్పుడు తృప్తిగా ఉందా?"

ఆయన్ని అలా నిలదీసిన మనిషిని నేను అప్పుడే చూశాను. కొడతారనుకున్నాను. కొట్టలేదు. గూటివైపు తిరిగి, "పిల్లలొచ్చీదాకా ఉంటాదా తల్లి?" అని అడిగారు.

"ఉండదు. పిల్లలు బయటికొచ్చే ముందు వెళ్ళిపోతుంది. ఆకలి మీద తన పిల్లల్నే తినేయకుండా వెళ్ళిపోతుందని కొందరంటారు. అది నిజమో కాదో మాకింకా తెలీదు."

మేడమ్ తోక కొస చిన్న ముక్క కోసి మందునీళ్ళున్న గొట్టంలో వేసుకుంది. బావగారు అక్కడే గొంతుక్కూర్చున్నారు. "మరిప్పుడు కాపలా ఎవుళు?" అన్నారు. ఆయన మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రాలేదు. సాయంత్రం మా ఆయన వెళ్ళి చూస్తే వెదురు పొద పక్కన కొమ్మలతో పందిరి వేసుకుంటున్నారట.

అలా అని పాముల మీద ప్రేమ పుట్టిందనుకోకండి. ఆ గూటిని చూస్తూ ఆయన పళ్ళు కొరకడం నేను చూశాను. పందుల్ని తోలేవారు, ముంగిసని తోలేవారు. మేడమ్ తెచ్చిన వల గూటి చుట్టూ కట్టారు. మధ్యమధ్య గూటినే తిట్టేవారు. "పుట్టండి, పుట్టి సావండి" అనేవారు.

ఊరు భయపడింది. అది తప్పని నేననను. మా చిన్న మావగారి కొడుకులు ఇద్దరు, ఇల్లు తోట కిందనే. వాళ్ళ పిల్లడు ఆ తోవనే బడికెళ్తాడు. సంత రోజు మధ్యాహ్నం, మా ఆయన లేనప్పుడు, కిరసనాయిలు సీసా, గొడ్డలి పట్టుకుని తోటలోకి వచ్చారు. నేను అంబలి దించి అక్కడే ఉన్నాను.

"అన్నా, లెగు. తగలబెట్టేత్తాం" అన్నాడు పెద్దవాడు. "రేపు మా గుంటడికేటైనా అయితే నీ మేడమ్ వత్తాదా?"

"తల్లిని సంపినాను. పిల్లల్ని సంపనియ్యను. ఎల్లండి."

"పాములకి తల్లేటి, పిల్లలేటి! పిచ్చెక్కిందేటి నీకు?"

వాడు సీసా మూత తీశాడు. బావగారి కర్ర వాడి మణికట్టు మీద పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వాడు అరుస్తూ కూలబడ్డాడు. అప్పుడు రెండోవాడు వెనక నుంచి గొడ్డలి ఎత్తాడు.

"బావా! ఎనకా!" అని అరిచాను.

నేరుగా ఆయన్ని పిలిచింది ఆ ఒక్కసారే. ఆయన తిరిగారు. తల మీద పడాల్సిన గొడ్డలి చెవి అంచు కోసుకుంటూ భుజంలోకి దిగింది. నెత్తురు బుడబుడా వచ్చింది. ఆ భుజంతోనే వాణ్ణి పడగొట్టి, గుండెల మీద మోకాలు పెట్టి, కర్ర అడ్డంగా పట్టి మొహం మీద కొట్టారు. వాడు నెత్తురుతో పాటు పన్ను ఉమ్మాడు. ఇంకా కొట్టారు. పాముని కొట్టినట్టే కొట్టారు. కర్ర రెండుగా విరిగింది. విరక్కపోతే ఆ రోజు ఒక మనిషి పోయేవాడు. చేతిలో ముక్క చూసుకుని ఆగారు. తన కింద ఉన్నది తమ్ముడని అప్పుడే గుర్తొచ్చినట్టు లేచి, దూరంగా వెళ్ళి వాంతి చేసుకున్నారు.

ఊరి పెద్దలు ఇరువైపులవాళ్ళనీ తిట్టి, వానలు ముదిరేదాకా పిల్లల్ని పైతోవన బడికి పంపాలని తేల్చారు. ఆ మాటేదో ముందే అనుకుని ఉంటే సరిపోయేది. పెద్దవాడి విరిగిన చెయ్యి ఇప్పటికీ సరిగ్గా అతుక్కోలేదు. ఆ అన్నదమ్ములిద్దరూ బావగారి శవాన్ని మోశారు.

గొడవైన సాయంత్రం ఆయన భుజానికి కట్టుతో గుమ్మంలో కూర్చుని ఉన్నారు. బావగారిని పిలిచినందుకు ఎవరేమంటారో అని నేను తలుపు చాటున ఉన్నాను. ఆయన పెట్టకి గింజలు చల్లుతూ, "కోడీ, తోటలో ఎవులో అరిసినారంట. నాకైతే ఏటీ ఇనపళ్ళేదు" అన్నారు. ఆ మాట ఊళ్ళో కూడా అందరికీ అలాగే చెప్పారు.

ఆయన పోవడానికి కొన్నాళ్ళ ముందు గుడ్లు పగిలాయి. సన్నగా వాన పడుతోంది. వల విప్పేసి మేడమ్, మా ఆయన, నేను దూరంగా నిలబడ్డాం. వెదురాకులు కదిలాయి. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలతో, వేలంత లావున ఒకటి బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. పుట్టినప్పుడే విషం ఉంటుంది, ఎవరూ కదలొద్దని మేడమ్ మెల్లగా చెప్పింది. బావగారు అందరికంటే ముందున్నారు. మొదట వచ్చిన పిల్ల ఆయన పాదం దగ్గరికొచ్చి ఆగి, తల ఎత్తి, ఇంత పడగ విప్పింది. ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుని పైకి లేచింది. ఆయన ఒక్కసారిగా వెనక్కి ఒరిగి, తన వెనకున్న సిల్వర్ ఓక్ చెట్టుని రెండు చేతులూ వెనక్కి చాపి పట్టుకున్నారు. భుజం గాయం తెగి చొక్కా తడిసింది. అయినా వదల్లేదు. కళ్ళు మూసుకున్నారు. పిల్ల పడగ దించి, ఆయన పాదం పక్కనుంచే తడి ఆకుల్లోకి జారిపోయింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. చివరిది వెళ్ళిపోయిందని మేడమ్ చెప్పాక కూడా ఆయన చేతులు చెట్టుని అలాగే పట్టుకుని ఉన్నాయి. గోళ్ళ కింద నుంచి బెరడు పొడి రాలుతోంది.