కాదన్నవాళ్లకు ముందు టీ

అంకుల్ పోయారన్న వార్తను ఇక్కడ ఐర్లండ్‌లో మా నేవన్ ఊరి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. ఆమె పక్క ఊరు డ్రోహెడాలో డాక్టరు. "అన్నయ్యా, నాన్న నిద్రలోనే వెళ్లిపోయారు. అందరికీ మీరే చెప్పండి" అంది. అందరికీ చెప్పాననే అనుకున్నాను. గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు వచ్చి పడ్డాయి.

అంకుల్ బందరులో పొలిటికల్ సైన్స్ లెక్చరర్‌గా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆయనకు ప్రాణం అమెరికా రాజ్యాంగం. నిజానికి రాజ్యాంగం కూడా కాదు, దాన్ని ఒప్పుకోవాలా వద్దా అని ఒక్కో రాష్ట్రంలో జరిగిన తగాదా. "రాసినవాళ్ల గురించి అందరూ చెబుతార్రా. సంతకం పెట్టనని మొండికేసినవాళ్ల గురించి నన్నడుగు" అనేవారు. అడక్కపోయినా చెప్పేవారు.

ఆదివారాలు వాళ్లింట్లో మా పిల్లల చేత ఆ వాదన ఆడించేవారు. ఒక జట్టు ఉన్నదున్నట్టు ఒప్పుకుందామనాలి. రెండో జట్టు మా హక్కులు రాసిస్తేనే ఒప్పుకుంటామనాలి. ఏ జట్టయినా గెలిచేలా ఉందంటే చాలు, అటువాళ్లను ఇటూ ఇటువాళ్లను అటూ మార్చేసేవారు. "తాతా, దట్స్ నాట్ ఫెయిర్ అట్ ఆల్! వీ వర్ విన్నింగ్!" అని మా అమ్మాయి ఒకసారి కాలు నేలకేసి కొట్టింది. "అందుకేనమ్మా మార్చింది" అన్నారాయన తాపీగా.

ఆ ఇంటికి ఇంకో ఆచారం ఉండేది. తన మాట ఎవరు కాదంటే వాళ్లకే మొదటి కప్పు టీ. "ఔనన్నవాడికేంరా, హాయిగా ఉంటాడు. కాదన్నవాడికే గొంతెండిపోయేది" అనేవారు. ఆ మొదటి కప్పు దాదాపు ప్రతిసారీ మా చెల్లెమ్మకే దక్కేది. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కేర్ హోంలో పనిచేసే ఆ అమ్మాయిని అందరం చెల్లెమ్మా అనే పిలిచేవాళ్లం. "గట్లెట్లయితది సార్?" అని ఆమె అడ్డు తగిలితే చాలు, ఆయన మొహం వెలిగిపోయేది. వాదన అయ్యాక ఆయన చెవి మిషన్‌కు బ్యాటరీ మార్చి, బీపీ చూసి వెళ్లేది. నేను మాత్రం ఎప్పుడూ ఆఖరి కప్పు తాగినవాణ్ణే.

ఇక్కడ రెఫరెండం వచ్చినప్పుడు ఆయనకు ఓటు లేదు. అయినా చినుకుల్లో నన్ను వెంటేసుకుని పోస్టర్లు చదవడానికి బయల్దేరేవారు. ఒకే స్తంభానికి పైన 'యెస్', కింద 'నో' కట్టి ఉంటే అక్కడే నిలబడిపోయారు. "చూశావా, స్తంభం ఎవర్నీ దించెయ్యలేదు" అన్నారు. చలేస్తోంది, పోదాం పదండి అన్నాను నేను.

తర్వాత సంఘానికి నిబంధనలు రాసే పని కార్యదర్శినైన నా మీద పడింది. ఆఫీసు అలవాటు కదా, నెట్‌లో దొరికిన నమూనాలో పేర్లు మార్చి పట్టుకెళ్లాను. అంకుల్ మొత్తం చదివి కళ్లజోడు తీశారు.

"అధికారాలన్నీ ఉన్నాయి. మనిషేడిరా?"

ఒక్క వాక్యం చేర్చమన్నారు: ఎవర్ని తీసెయ్యాలన్నా ముందు వాళ్ల మాట వినాలి.

"ముందు ఇది పాసవ్వనివ్వండి అంకుల్. ఈ కాగితం లేందే మన మీటింగులకు హాలివ్వరు. మీ వాక్యం తర్వాతి మీటింగులో చేరుద్దాం" అన్నాను.

ఆయన నవ్వారు. "అమెరికాలోనూ ఇదే మాట అన్నార్రా. ముందు ఒప్పుకోండి, హక్కుల సంగతి తర్వాత అని. నమ్మి ఒప్పుకున్నారు. కానీ వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. హక్కుల జాబితా అక్కర్లేదని వాదించిన పెద్దమనిషే కూర్చుని రాశాడు. అందులో సిగ్గేం లేదు." పెన్ను మూత తీసి, "నిన్ను నమ్మి పెడుతున్నా" అని సంతకం చేశారు.

తర్వాతి మీటింగు వచ్చింది, పోయింది. ఒకరోజు చెల్లెమ్మ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టింది: కమిటీని ఎవరు ఎన్నుకున్నారు, మమ్మల్నెవరూ అడగలేదే అని. అధ్యక్షుడికి రోషం వచ్చింది. "తీసెయ్ బ్రదర్" అన్నాడు. అడ్మిన్ని నేను. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాను, అంతే. ఆ తర్వాత, మేమంతా ఉంటామని కాబోలు, ఆమె ఆదివారాలు రావడం మానేసింది.

అంకుల్ ఫోన్ చేశారు. "తీసేసేముందు ఆ అమ్మాయిని అడిగార్రా?"

"వచ్చే మీటింగులో చూద్దాం అంకుల్."

ఆయన ఊపిరి వినపడుతోంది. తర్వాత "సరే" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ ఎవరు ఫోన్ చేసి క్షణం ఆగినా, ఆ ఊపిరే వినిపిస్తుంది నాకు.

దహనం అయిపోయిన మర్నాడు హాల్లో సంతాప సభ పెట్టుకున్నాం. కుర్చీలు వేస్తూ తలెత్తితే గుమ్మం బయట చెల్లెమ్మ ఉంది, యూనిఫాం మీద కోటు వేసుకుని. ఆ పొద్దునే కూరగాయల కొట్లో ఎవరో అంటే తెలిసిందట.

"నాకెందుకు చెప్పలే అన్నా? ఒక్కసారి మొఖం చూసుకునేదాన్ని గద."

గ్రూపులో పెట్టానమ్మా అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ గ్రూపులో అంకుల్ పేరు ఇంకా ఉంది, తెల్ల స్వెట్టర్ ఫొటోతో సహా. పోయిన మనిషి ఉన్నారు. బతికున్న మనిషి లేదు. లోపలికి పరిగెత్తి, ఫ్లాస్కులోంచి మొదటి కప్పు వంచి తెచ్చి రెండు చేతులతో ఇచ్చాను.

"లోపలికి రామ్మా."

"రావొచ్చా అన్నా? నన్ను తీసేసిన్రు గద." ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. జవాబు చెప్పేలోపే సభ మొదలవుతోందని లోపల్నుంచి నన్ను పిలిచారు.

నా వంతు వచ్చినప్పుడు, అంకుల్ గురించి రాసుకున్న కాగితం మడిచేసి ఆయన అడిగిన ఆ ఒక్క వాక్యం వినిపించాను. తీసేసింది నేనేనని, ఆమెను అడగకుండానే తీసేశానని కూడా చెప్పాను. సంతాప సభలో ఈ గొడవేంటని అధ్యక్షుడు గొణిగాడు. చలిగాలి కొడుతోంది, తలుపెయ్యమన్నారు ఎవరో. వెయ్యనివ్వలేదు. ఎదురుగా బల్ల మీది ఫొటోలోంచి అంకుల్ నేరుగా గుమ్మంవైపే చూస్తున్నారు. గడపకు అవతల, చినుకుల్లో, చెల్లెమ్మ ఇంకా జవాబు కోసం నిలబడే ఉంది. చేతిలో మొదటి కప్పు మీగడ కట్టింది.