‘నేనున్న’ అనే చాచా

ఆ బాట్‌ను తయారుచేసిన తెలివిగల్లోన్ని నేనే. ఉన్న తెలివంతా దానికే పోసిన, నాకేమీ మిగుల్చుకోలే. సిరిసిల్లల సేటు షెడ్డులో ఉన్న సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెన్సర్లు బిగించి మా టీమ్ చాట్‌కు కలిపిన. సాంచా ఆగితే చాలు, "ఎవరు చూస్తున్నరు?" అని బాట్ గ్రూపుల అడుగుతది.

జవాబిచ్చేది ఒక్కరే, సాంచాలు బాగుచేసే చాచా. నూనె వేలితో "నేనున్న" అని కొట్టి, పిల్లకు జ్వరం చూసినట్టు సాంచా మీద అరచెయ్యి పెడుతుండె.

జవాబిచ్చినోళ్లనే ఆపినోళ్లుగా రాసుకునేటట్టు పెట్టింది నా బుర్రే. నెలాఖరుకు, సాంచాలు ఎక్కువసార్లు ఆపింది చాచానే అని బాట్ జాబితా వేసింది.

"రేపటిసంది రాకు" అన్నడు సేటు చాచాతోని.

"తప్పు నాది సేటూ! ఆయన ఆపలే, బాగుచేసిండు!" కాళ్లావేళ్లా పడ్డ.

"బాట్‌కు పక్షపాతం ఉండదని నువ్వే చెప్పినవ్ గద?"

చాచా తన పానాలు, స్క్రూడ్రైవర్లు తువ్వాలల చుట్టుకున్నడు. "ఈ వయసుల ఇంకో షెడ్డోళ్లు పిలుస్తరా బేటా? నువ్వైతే ఏడ్వకు" అన్నడు.

ఇప్పుడు బాగుచేసేటోళ్లు లేక సాంచాలు ఆగుతనే ఉన్నయి. నేను బాట్ ప్రశ్న తీసేసి, ఏది ఆగినా సేటు పేరే పడేటట్టు మార్చిన. ఈ నెల జాబితాల ఆయనదే మొదటి పేరు.