అల్ ఖోర్‌లో అక్క ద్రాక్ష పందిరి

పోయిన వారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చుదామనుకుంటున్న వేళకు ఇక్కడి తెలుగు సంఘం కుర్రవాడొకడు ఫోన్ చేసి, ఈ ఏడు ద్రాక్ష పండుగ ఘనంగా చేస్తున్నామనీ, దోహాలో దాన్ని మొదలుపెట్టిన పెద్దమనిషిగా నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలనుకుంటున్నామనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. వద్దన్నాను. వినయం కాబోలనుకుని ఇంకాస్త బతిమాలాడు. మొదలుపెట్టింది నేను కాదు బాబూ, అల్ ఖోర్‌లో మా పక్కింటి అక్క అంటే, "ఏ అక్క అంకుల్?" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఆ అక్క పేరు ఎక్కడా వినబడకుండా ఇన్నేళ్ళు మైకు పట్టుకుని మాట్లాడినవాణ్ణి నేనే. అందుకే, ఆ రోజుల్లో ఖతార్‌లో కాపురమున్న నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారన్న ఆశతో, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల నడిమి మాట ఇది. పెళ్ళయిన కొత్తలో, దోహాకు ఉత్తరాన ఉన్న అల్ ఖోర్‌లో కంపెనీవాళ్ళు మాకొక ఇల్లిచ్చారు. ఒకే వరుసలో ఇళ్ళు, ఇంటికీ ఇంటికీ నడుమ భుజాల ఎత్తు గోడ, వెనక ఇసుక తప్ప మరేమీ లేని కాస్త పెరడు. మా పక్కింట్లో హైదరాబాద్ శివార్ల నుంచి వచ్చిన దంపతులు ఉండేవారు. మేం సామాను దించుతుంటే ఆవిడ టీ ఫ్లాస్కుతో వచ్చి, నా మొహం చూసి, తన చిన్న తమ్ముడిలాగే ఉన్నావని చెప్పి అప్పటికప్పుడు నన్ను తమ్ముణ్ణి చేసేసింది. దాంతో ఆమె భర్త నాకు బావ అయ్యాడు. ఆయన మా కంపెనీ ల్యాబ్‌లోనే కెమిస్టు, నాకన్నా పదేళ్ళు పెద్ద, నవ్వితే నాలుగిళ్ళకు వినబడేది. బావనన్న హక్కు దొరికింది కదా అని, ఎక్కడ కనబడినా నన్ను ఆట పట్టించేవాడు.

అక్క పుట్టింటివాళ్ళది ద్రాక్ష తోట. పండు తయారయ్యాక తోటను ఉన్నదున్నట్టు వ్యాపారికి ఇచ్చేసేవారట. అయితే వ్యాపారి మనుషులు కోతకు దిగేముందు ఒక రోజు మాత్రం వాళ్ళ నాన్న గేటు బార్లా తెరిచేవాడట. చుట్టాలు, ఊరివాళ్ళు, దారిన పోయేవాళ్ళు ఎవరైనా వచ్చి పందిరి కింద కూర్చుని కడుపునిండా తినవచ్చు, ఒక్క గుత్తి మాత్రం బయటికి పట్టుకుపోకూడదు. ఇంటికి తీసుకుపోతే అది కాయ, ఇక్కడ కూర్చుని తింటే పండుగ అనేవాడట ఆ పెద్దాయన. ఆయన పోయాక అన్నదమ్ములు తోట కొట్టించి ప్లాట్లు వేశారు. గడ్డపారలు దిగకముందే అక్క అందులోంచి ఒక కొమ్మ కత్తిరించి, తడిగుడ్డ చుట్టి, చీరల మధ్య పెట్టి ఖతార్ తెచ్చుకుంది.

ఆ ఇసుకలో అది బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. అక్క మేకల కొట్టాల నుంచి ఎరువు తెప్పించి వేసింది. కిటికీ ఏసీల నుంచి కారే నీటిచుక్కలను ఒక సన్నటి పైపుతో మొదట్లోకి మళ్ళించింది. కంపెనీలో పడేసిన స్క్రాప్ పైపులు బావ అడిగి తెచ్చి పందిరి కట్టాడు. మేం వెళ్ళేసరికే తీగ పెరడంతా కమ్మేసి ఉంది. వేసవి మొదట్లో, పిల్లల పరీక్షలయ్యి జనం సెలవులకు విమానాలెక్కకముందు, లేత పసుపు రంగులో పొడుగాటి పండ్లు గుత్తులు గుత్తులుగా వేలాడేవి.

ఏ శుక్రవారమో ముందుగా ఎవరికీ తెలిసేది కాదు. అక్క ఒక పండు నోట్లో వేసుకుని తలూపితే, బావ ఆ గురువారం ఫోన్ దగ్గర కూర్చుని, "తీగె పిలుస్తున్నది, యల్లా, రాండ్రి!" అని దోహా అంతా కబురు పెట్టేవాడు. ఎండ ముదరకముందే వచ్చేవారు జనం. ఆఫీసర్ల కుటుంబాలు కార్లలో, దోహా నజ్మా పేటలో ఒకే గదిలో సర్దుకునే కుర్రాళ్ళు బస్సులో, అరబ్బుల ఇళ్ళలో డ్రైవర్లుగా చేసే కడప, రాజంపేట వైపువాళ్ళు సెలవు దొరికినంతసేపటికే. అక్క అందరికీ ఒకే మాట చెప్పేది, తిన్నంత తినండి, పట్టుకపోవద్దు అని. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసే మనిషి ఉండేవాడు కాదు. ఒకరి తర్వాత ఒకరు పాటలందుకునేవారు. కొందరు ఆ పందిరి కింద ఊళ్ళో ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేవారు కూడా.

ఇక నా సంగతి. నేను ఉగాది నడిపేవాణ్ణి. స్కూలు హాలు మాట్లాడడం, పిల్లల నాటకం, ముఖ్య అతిథి, ఉపన్యాసం, చివర పులిహోర పొట్లం. రెండు నెలలు కష్టపడేవాణ్ణి. జనం వచ్చేవారు, గడియారం చూసుకునేవారు, పొట్లం అందుకుని వెళ్ళిపోయేవారు. అదే జనం రెండు మూడు నెలలు తిరగకుండా గోడ అవతల పొమ్మన్నా పోకుండా కూర్చునేవారు. నాకు ఆ నవ్వులు వినబడినప్పుడల్లా ఒళ్ళు మండేది. లోపలికి వెళ్ళి పండ్లు తింటూనే, ఎవరెవరు వచ్చారు, నా ఉగాదికి రానివాళ్ళలో ఎవరు ఇక్కడున్నారు అని కళ్ళతో వెతికేవాణ్ణి. బావకు అది కనిపెట్టడం ఎంతసేపు! ఒకసారి అందరి ముందూ అందుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, నీ పండుగకు మైకున్నది, మా పండుగకు నోరున్నది. ఏది గట్టిగున్నదో నువ్వే చెప్పు!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికొచ్చి మా ఆవిడతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆమె తక్కువదా? "మీ ఉగాదికి పట్టుచీర కట్టుకు రావాలి. వదినవాళ్ళింటికి ఆకలితో వెళ్తే చాలు," అనేసింది.

ఆ కుళ్ళు ఊరికే ఉండనివ్వలేదు నన్ను. సంఘం సమావేశంలో లేచి, ఇంత మంచి పండుగ ఒక పెరట్లో ఇమిడిపోవడం అన్యాయమనీ, దోహాలో హాలు తీసుకుని, తేదీ పెట్టి, బ్యానరు కట్టి చేద్దామనీ ప్రతిపాదించాను. నా గొంతులో పలికింది అందరి మేలు. మనసులో ఉన్నది ఆ రోజు మైకు నా చేతిలో ఉంటుందన్న సంతోషం. బావ అమాయకంగా పొంగిపోయాడు, మన ద్రాక్ష దోహా పోతుందిరా అని అందరికీ చెప్పుకున్నాడు. అక్కను ఎవరూ అడగలేదు.

నేను పెట్టిన తేదీ దగ్గరపడింది గానీ ఆ ఏడు చలి ఆలస్యంగా వదిలినట్టుంది, కాయ ఇంకా పచ్చిగానే ఉంది. ముందురోజు సాయంత్రం కత్తెరలు, పెట్టెలు పట్టుకుని కుర్రాళ్ళతో పెరట్లో దిగాను. అక్క పందిరి గుంజ పట్టుకుని నిలబడి, "ఇంక పండలే తమ్ముడా. కొన్ని దినాలన్న ఆగరాదు?" అంది. హాలు దొరకదక్కా, అతిథి వస్తున్నాడు అన్నాను. ఆ తీగ మీద అందినంత మేర దూసేసి, పెట్టెలకెత్తి, కార్ల డిక్కీల్లో పెట్టించి గేటు దాటించాను. గుత్తి ఒక్కటి కూడా దాటకూడదని ఆమె తండ్రి పెట్టిన నియమం నాకు తెలియక కాదు. ఆమె సొంత అన్నదమ్ములు తోట కొట్టించారు, తమ్ముడా అని పిలిపించుకున్నవాణ్ణి నేను పందిరి దూశాను.

పొద్దున్నే ఒక కాయ నోట్లో వేసుకుంటే పళ్ళు పులిశాయి. పరువు పోతుందని భయపడి, తిన్నగా మార్కెట్టుకు వెళ్ళి ద్రాక్ష పెట్టెలు కొన్నాను. పందిరి కాయను హాలు వెనక చెత్తడబ్బాలో పోయించి, మార్కెట్టువి పళ్ళేల్లో సర్దించాను. ఆ తర్వాత మైకు తీసుకుని, మన చేతులతో పెంచిన పండు, మన మట్టి తీపి అంటూ చాలాసేపు మాట్లాడాను. చప్పట్లు బాగానే మోగాయి.

రాజంపేట డ్రైవరు ఒకాయన రెండు పండ్లు నమిలి, మూడోది చేత్తో చీల్చి చూసి, హాలంతా వినబడేలా అన్నాడు. "ఏంది సార్, ఈ తూరి తీగె గింజల్లేకుండా కాసిందే!"

అక్క తీగ పండులో గింజ ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. పళ్ళెం ముందు నిలబడి ఉన్న అక్క ఒక గుత్తి ఎత్తి చూసింది, నా వైపు చూసింది, గుత్తి మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"ఈసారి ఎరువు మార్చిన అన్నా. గింజ కరిగిపోయింది కావచ్చు. తిను, నవ్వకు," అంది.

హాలు గొల్లుమంది. గింజలు కరిగించే ఎరువు మాకూ కాస్త ఇయ్యక్కా అని ఎవరో అన్నారు. బావ అందరికన్నా గట్టిగా నవ్వాడు. నా పరువు నిలబడింది. ఆమె మాత్రం ఆ రోజు ఒక్క పండూ నోట పెట్టలేదు. నేను ఆమెకు కృతజ్ఞత చెప్పుకోవలసిన సమయం అది. చెప్పలేదు. అంతదాకా వాళ్ళింటికి వచ్చే జనాన్ని చూసి కుళ్ళుకున్నవాణ్ణి, ఆ రోజు నుంచి ఆమె మంచితనాన్ని చూసి కుళ్ళుకోవడం మొదలుపెట్టాను. జనాన్ని చూసి కుళ్ళుకుంటే కొన్నాళ్ళకు చల్లారుతుంది, ఇది చల్లారదు.

మరుసటి ఏడు తీగ మళ్ళీ కాసింది. అక్క ఏ మాటా పట్టించుకోకుండా ఎప్పటిలాగే పెరట్లోనే పిలిచింది. మా ఆవిడ పొద్దున్నే వెళ్ళింది. నేను వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పించి, పాత పేపరొకటి మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గోడ మీంచి బావ గొంతు వచ్చింది. "బామ్మర్దీ! ఓ బామ్మర్దీ! డ్యూటీ ఏం లేదు గదా, దా!" పేపరు ఇంకాస్త పైకెత్తాను. ఆ తర్వాత పాటలు, రాజంపేటాయన వేళాకోళాలు, నవ్వులు. ఆ నవ్వుల్లో మా ఆవిడ నవ్వు విడిగా వినబడింది. నా ఇంట్లో అంత నోరారా ఆమె ఎప్పుడు నవ్వింది అని ఆలోచిస్తూ, కట్టుకున్న మనిషి నవ్వు మీద కూడా ఏడ్చిన మూర్ఖుణ్ణి నేను.

అందరూ వెళ్ళాక గోడ మీంచి చూస్తే పందిరి ఖాళీగా ఉంది, మా వైపు కొమ్మకు మాత్రం ఒక పెద్ద గుత్తి ఉంది. నన్ను ఉడికించడానికే వదిలారనుకున్నాను. రోజూ డ్యూటీకి పోతూ వస్తూ దాన్ని చూసేవాణ్ణి. ఎండకు అది రంగు మారి, ముడతలు పడి, పిట్టలు పొడవగా పొడవగా కాడ మిగిలాక, మా ఆవిడ ఒకనాడు బట్టలారేస్తూ చెప్పింది.

"అది మీ గుత్తేనండీ. వదిన ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. బయటికి పంపకూడదు కదా, మీరే వస్తారని చూసింది."

అప్పుడైనా గోడ చుట్టి వెళ్ళి ఉండవలసింది. ఎండ తగ్గాక వెళ్దామనుకున్నాను. తర్వాత వాళ్ళు సెలవులకు వెళ్ళారు, తిరిగి వచ్చాక బావ కాంట్రాక్టు అయిపోయింది, సామాను కట్టేశారు. వెళ్ళేరోజు బావ నన్ను కౌగిలించుకుని ఏదో జోకు వేశాడు, అక్క మా ఆవిడకు తన ఇడ్లీ పాత్ర ఇచ్చింది. నేను ప్రయాణం సుఖంగా సాగాలి అని ఆఫీసులో చెప్పినట్టు చెప్పాను. వాళ్ళ తర్వాత దిగినవాళ్ళు కారు పెట్టుకోవడానికి పందిరి తీసేశారు. నేను మాత్రం ఏటేటా హాల్లో మార్కెట్టు ద్రాక్షతో పండుగ జరిపిస్తూ పోయాను. అదే ఇప్పటి ద్రాక్ష పండుగ.

ఇప్పుడు పార్కులో చేస్తున్నారు. దీపాలు, పాటగాళ్ళు, వెళ్ళేటప్పుడు ఇంటింటికీ ఒక ప్లాస్టిక్ డబ్బా ద్రాక్ష. పిల్లలకు సంతోషంగానే ఉంటుంది, నేను తప్పుపట్టను. ఏ నెలలో అడిగినా ఏదో ఒక దేశం ద్రాక్ష దొరుకుతుంది గనుక ఎప్పుడు పండుతుందా అని ఎదురుచూసే పని ఎవరికీ లేదు. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఇప్పుడు మేముంటున్న బిల్డింగులో పక్క ఫ్లాటువాళ్ళ పేరు కూడా నాకు తెలియదు, వాళ్ళకు నా పేరు తెలియదు. అసూయపడేంత దగ్గరగా ఎవరూ లేరు. మా ఆవిడా, హైదరాబాద్‌లో ఉన్న అక్కా అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటారు. తమ్ముడు బాగున్నాడా అని అక్క అడగడం స్పీకర్లో నాకు వినబడుతుంది, నేను మెల్లగా వేరే గదిలోకి పోతాను. ఈసారి పోకూడదనుకుంటున్నాను. మీటింగుల్లో ముందు వరుసలో పేరు రాసిపెట్టిన కుర్చీలు నాకు చాలానే దొరికాయి గానీ, అవతలివాళ్ళు కాస్త జరిగి, రా తమ్ముడా, ఇట్ల కూర్చో అని ఇచ్చే ఆ జానెడు చోటు మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు.