పక్క మంచం చుట్టరికం

వార్డులోకి రాగానే నర్సు రూతు ముందు చివరి మంచం దాకా నడిచేది. నడుస్తా నడుస్తా ఒక్కొక్కరి పాదం మీద చెయ్యేసి పోయేది. చల్లగా ఉందా, కాలుతోందా, ఉబ్బిందా? మనిషి సంగతి సగం పాదమే చెప్పేస్తుందని ఆమె నమ్మకం. తిరుపతిలో ఆ పెద్దాసుపత్రి కిటికీల్లోంచి కొండ కనపడుతుంది. వానాకాలం పొద్దుటిపూట మబ్బు కొండ దిగి వార్డులోకే వచ్చినట్టుండేది. ఆ తెల్లటి వెలుతురులో మంచాలన్నీ నీళ్ళ మీద తేలుతున్నట్టు, తాను మోకాటి లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు ఆమెకు అనిపించేది.

రూతుది వడమాలపేట. నాయన ఏబెల్ చెరుకు గానుగల దగ్గర బెల్లం వండేవాడు. ఆమె రోజూ బస్సులో వచ్చి బస్సులో పోయేది. ముప్పై మంచాల మగవాళ్ళ వార్డుకు పొద్దుటిపూట ఇద్దరే నర్సులు. రెండో ఆమె సెలవు పెడితే రూతు ఒక్కతే. ఎట్లా నెట్టుకొస్తావమ్మా అని ఎవరన్నా అడిగితే నవ్వి ఊరుకునేది.

ఆ నవ్వు వెనక ఒక ఏర్పాటుంది. రోగుల దగ్గరుండే ఇంటివాళ్ళకు ఆమె పని నేర్పింది. దుప్పటి కొసలు పట్టుకుని మనిషిని పక్కకు తిప్పేదెట్లా, పొలమారకుండా గంజి తాపేదెట్లా, సెలైన్ అయిపోవస్తే ముందే కేక వేసేదెప్పుడు, అన్నీ చెప్పింది. తోడు లేనివాళ్ళను పక్క మంచం వాళ్ళకు అప్పజెప్పింది. వార్డులో దానికి పక్క మంచం చుట్టరికం అని పేరు పడిపోయింది.

ఆ చుట్టాల్లోకల్లా గట్టి చుట్టం ఆయిషా బీ. కాలు విరిగిన భర్త నన్నే సాహెబ్ కిటికీ దగ్గరి మంచం మీదున్నాడు. అతని పక్కన మునెయ్య. పక్షవాతం వచ్చి పడిపోతే సత్యవేడు దగ్గర ఎవరో చూసి, తెచ్చి చేర్చి పోయినారు. మాట పడిపోయింది; చేతి మీది పచ్చబొట్టును బట్టి పేరొక్కటే తెలిసింది. కళ్ళు మాత్రం మనిషి వెంట తిరుగుతాయి.

"ఇంట్లో ఒక ముసలాయనతోనే యేగలేక సస్తాంటే, ఈడ ఇంకొకాయన్ని కూడా అంటగట్టినావు బేటీ" అనేది ఆయిషా బీ, మునెయ్య మూతి తుడుస్తూ.

"ఈయన నయం గదా బీబీ, ఎదురు మాట్లాడడు" అనేది రూతు.

"అదే నేనూ చెప్తాండా మా ఆయనకు. పక్కాయన్ని చూసి నేర్చుకో అని!"

నన్నే సాహెబ్ కప్పుకేసి చూస్తూ, "అల్లా, కాలొకటే విరగ్గొట్టినావు, చెవులు బాగనే పెట్టినావు" అనేవాడు.

ఇట్లా ఉండగా కోమలి వచ్చింది. పలమనేరు పిల్ల. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తోంది. వార్డులో నర్సులు ఎంతమంది, అంతమందితో రోగులకు ఏ సేవలు అందుతున్నాయి, ఏవి తప్పిపోతున్నాయి అని మూల స్టూలు మీద కూర్చుని చూడటం ఆమె పని. చేసిందెవరని మాత్రం ఆమె రాసుకోదు. దాన్ని బట్టే ఏ వార్డుకు ఎవరిని ఇవ్వాలో తేలుస్తామన్నారు పైవాళ్ళు. ఇంకొక్క మనిషి కావాలని రూతు ఏళ్ళుగా అడుగుతా ఉంది. కోరింది దక్కే దారి ఇన్నాళ్ళకు స్టూలేసుకుని కూర్చుంది.

కానీ పెంపకం అట్లాంటిది కదా. చుట్టాలొచ్చినప్పుడు ఇంటి కరువు కనపడనీయకూడదని చెప్పేది రూతు వాళ్ళమ్మ. ఉన్న సంగటి ముద్ద వాళ్ళకు పెట్టి, తాను తినేసినట్టు చెయ్యి కడుక్కునేది. రూతుకూ అదే బుద్ధి అబ్బింది. ముందురోజే అందరితో చెప్పింది: "మన వార్డుకు మాట రాకూడదు, సూడండి."

రానిస్తారా? ఎవరి దుప్పట్లు వాళ్ళు దులిపినారు. తలలు దువ్వినారు. ఆయిషా బీ మునెయ్యను వేళ తప్పకుండా తిప్పింది. కొన్నాళ్ళ పాటు వార్డు పెళ్ళిచూపులిల్లులా మెరిసిపోయింది.

"ఎంత బాగా చూసుకుంటాండారక్కా! ఒక్క పనీ తప్పిపోలేదు" అంది కోమలి, సంచి సర్దుకుంటూ. రూతు మొహం విప్పారింది. కోమలే మళ్ళా అంది: "ఇట్లే ఉంటే ఉన్నవాళ్ళు చాలుననే తేలుతాది. ఉన్న ఇద్దరిలో ఒకామెను వేరే వార్డుకు పంపినా పంపుతారు."

ఆ మధ్యాహ్నం బస్సులో కిటికీకి తల ఆనించి రూతు నిద్రపోయింది. కలలో బెల్లం పెనం పొగలు కక్కుతోంది. పొయ్యిలో మంట వేసే మనిషి రాలేదు. నాయన ఎవరితోనూ ఏమీ అనకుండా అటు పరిగెత్తి మంటేస్తాడు, ఇటు పరిగెత్తి కలబెడతాడు. ఆవిరి చాటున వరసగా మంచాలు. ఒక్కో మంచం దగ్గర ఆయన ఆగి పాదం తాకిపోతున్నాడు. మెలకువ వచ్చేసరికి పుత్తూరు రోడ్డు మీద ఎండ. ముక్కులో మాత్రం మాడిన పాకం వాసన వదల్లేదు. వెనకటికొక ఏడు నిజంగానే పాకం మాడింది. మనిషి తక్కువైనాడని ఎవరూ అనలేదు, ఏబెల్‌కు పని రాదన్నారు.

మర్నాడు ఇంటివాళ్ళందరినీ వరండాలోకి పంపేసింది. "ఈపొద్దు ఎవురూ చెయ్యి వెయ్యొద్దు."

"ఏం తప్పు చేసినాం?" అంది ఆయిషా బీ. రూతు మూల స్టూలు మీదున్న కోమలి వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేసింది.

కాసేపటికే అన్ని వైపుల నుంచీ "సిస్టరమ్మా" అన్న పిలుపులు మొదలైనాయి. ఒకరికి నీళ్ళు, ఒకరికి సెలైన్, ఒకరికి వాంతి. రెండో ఆమె ఆపరేషన్ చేసిన మనిషిని వదిలి కదలలేకపోయింది. రూతు పరిగెత్తింది. పాదాలు తాకడం ఆ రోజు సగంలోనే ఆగిపోయింది. అంత పరుగులోనూ రెండు కళ్ళు తన వెంటే తిరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎట్టకేలకు మునెయ్య దగ్గరికి చేరి దుప్పటి ఎత్తి చూస్తే తుంటి దగ్గర ఎర్రగా కమిలి ఉంది.

వరండా కమ్మీల అవతల నుంచి ఆయిషా బీ అదే చోటు చూస్తోంది.

"రా బీబీ" అంది రూతు.

ఆయిషా బీ వస్తూనే అందుకుంది. "ఏం ఆట ఇది? మమ్మల్ని తరిమేసి ముసలాయన్ని మాడ్చుతావా? పట్టు ఆ కొస!"

రూతు కొస అందుకుంది గానీ అది జారిపోయింది. ఆమె తడబాటు చూసి కోమలి స్టూలు మీంచి లేచి వచ్చింది. చూసే మనిషి చెయ్యి వేయకూడదు. అయినా దుప్పటి కొస పట్టుకుంది. ముగ్గురూ కలిసి తిప్పితే మునెయ్య ఆకులా తిరిగినాడు.

"ఈ రోజు లెక్కలోకి రాదక్కా" అంది కోమలి మెల్లగా.

"ముందువీ రావమ్మే. చేసింది మేము కాదు, వీళ్ళు. నీకు కనపడకూడదని నేనే..." దుప్పటి సర్ది మళ్ళా అంది: "మళ్ళా మొదట్నించి చూడు. వీళ్ళు చేసింది వీళ్ళదనే చూడు. నేను చెయ్యలేనిది చెయ్యలేదనే రాయి."

కోమలి మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరినీ బయటికి పంపలేదు, ఏదీ సర్దలేదు. కొన్ని నెలలకు కాలేజీ హాల్లో తేలిన సంగతులు చదివి వినిపించింది. పేర్లు లేవు. కానీ ఆ వార్డు ఏదో హాల్లో అందరికీ తెలుసు. వేళకు తిప్పలేకపోయినారు. నోరు కడగలేకపోయినారు. సగం సేవ నర్సులది కాదు, రోగుల ఇళ్ళవాళ్ళది. ఒక్కో మాటకు వెనక వరసలో కూర్చున్న రూతు కళ్ళముందు ఒక్కో మొహం తేలిపోయింది. అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయింది రోగితో కూర్చుని మాట్లాడటం. అది విన్నప్పుడు తల వంచుకుంది గానీ, లేచి పోలేదు.

తర్వాత ఎంతోకాలానికి పొద్దుటి డ్యూటీకి మూడో నర్సు వచ్చింది. నన్నే సాహెబ్ కర్ర పట్టుకుని ఎప్పుడో ఇంటికి పోయినాడు. తీసుకుపోయేవాళ్ళు లేక మునెయ్య అక్కడే ఉన్నాడు. పెదాలు కొంచెం కదులుతున్నాయి.

రూతు ఆ పొద్దున చివరి మంచం దాకా నడిచి, వెనక్కి వచ్చి, అతని పక్కన స్టూలేసుకుంది. పాదం మీద చెయ్యి వేసి అడిగింది.

"తాతా, నీది యా ఊరు?"

అతను నోరు తెరిచినాడు. ఏదో శబ్దం వచ్చి ఆగిపోయింది. మళ్ళా ప్రయత్నించినాడు. అవతల ఎవరో సిస్టరమ్మా అని పిలిచినారు. కొత్తామె పోయింది.

కిటికీలో మబ్బు కొండ మీంచి దిగుతోంది. రూతు లేవలేదు.

"నిదానంగా చెప్పు తాతా" అంది. "నేను ఈడనే ఉండాను."