కమాన్ల ప్రోగ్రాములో మిగిలిన మాట

ఆటోనగర్‌లో లారీలకు కమాన్లు, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, తయారుచేసే షెడ్డు ఒకటి ఉంది. ఎంత బరువుకు ఎన్ని పట్టీలు వెయ్యాలో లెక్కగట్టే పాత ప్రోగ్రాము అక్కడ ఇంకా నడుస్తోంది. దాన్ని సి భాషలో రాసినాయన చనిపోయారు. ఆయన రాసుకున్న కోడ్ ఎక్కడా దొరకలేదు. మిషనుకు మాత్రమే అర్థమయ్యే ఫైలు ఒక్కటే మిగిలింది. దాన్ని కదిలించకుండా, పైథాన్ భాషలో రాసిన కొత్త ప్రోగ్రాము నుంచి నడిపించి, జవాబును కొత్త కంప్యూటర్లో చూపించడం నా పని.

మామూలు బరువులకు జవాబులు సరిగ్గానే వచ్చాయి. పరీక్ష కోసం ముప్పై టన్నులు ఇచ్చాను. అంకె రావలసిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది.

“ఇంత బరువు వద్దురా తమ్ముడూ.”

షెడ్డు యజమానిని పిలిచి చూపించాను. ఆయన తెర మీది మాట చదివారు.

“ఇది రాసినాయన తమ్ముడమ్మా. మైలవరం నుంచి కంకర లోడుతో వస్తుంటే కమాను విరిగి లారీ తిరగబడింది. అందులోనే పోయాడు. ఆ కమాను మేం వేసిందే. పట్టీల లెక్క ఈ అన్నే నోటితో చెప్పాడు. ఆ తర్వాతే కూర్చుని ఇది రాశాడు.”

“ఈ మాట కనపడకుండా చెయ్యమంటారా అండీ?”

“వద్దమ్మా. ఉండనివ్వండి.”

ఆయన వెళ్లాక, ఆ మాట ఎక్కడ మొదలవుతుందో చూద్దామని ఒక్కో టన్నూ పెంచుతూ ప్రోగ్రామును నడిపాను. పదహారుకు అంకె వచ్చింది. పదిహేడుకు ఆ మాట వచ్చింది. తమ్ముడు పోయిన రోజు లారీలో ఎన్ని టన్నుల కంకర ఉందని యజమానిని అడగడానికి నాకు నోరు రాలేదు.